అర్థం కాని మామ

ఫోన్లో పాఠాలు చెప్పే మా తమ్ముడి కంపెనీ గురించి పత్రికల్లో వచ్చినప్పుడల్లా అది తిరువళ్లూరులో పుట్టిందని రాస్తారు. నేను ఫోన్ చేసి సరిదిద్దాను. ఒకాయన మధ్యలో పెట్టేశాడు. ఇంకొకాయన మర్యాదగా విని, మళ్లీ అదే రాశాడు. అది పుట్టింది తిరుత్తణిలో, కొండకు పోయే దారిలో ఉన్న మా నాన్న బట్టల కొట్టు మేడమీద. మొదటి పాఠం చెప్పింది నేను. మొదటి సందేహం అడిగింది మా తమ్ముడు. ఈ రెండో సంగతి ఇంతవరకూ ఎవరూ రాయలేదు, వాడు కూడా చెప్పుకోలేదు. అందుకే నేను రాస్తున్నాను. కంపెనీకి పేరు పెట్టేటప్పుడు నన్ను అడగలేదు కాబట్టి ఆ పేరు మాత్రం రాయను.

కరోనా వచ్చి బడులు మూసేసిన కాలం అది. నేను తిరుత్తణిలోనే ఒక ఎయిడెడ్ బడిలో లెక్కలు చెబుతాను. మా వీధి పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. తెలుగు మాట వస్తుంది, తెలుగు అక్షరం రాదు. బడి ఉన్నంత కాలం నన్ను చూస్తే పక్క సందులోకి తప్పుకునే పిల్లల తల్లులు, బడి మూసిన కొన్నాళ్లకే గడప దగ్గరకు వచ్చి నిలబడ్డారు. పిల్లలు పాడైపోతున్నారు, ఫోన్లోనైనా నాలుగు లెక్కలు చెప్పమన్నారు. మంచి ఫోన్ ఉన్నది మా తమ్ముడి దగ్గర. కొట్టు కూడా మూసే ఉంది, వాడికి పని లేదు.

మేడమీద సరుకు పెట్టే గదిలో మొదలుపెట్టాం. ఫోన్ నిలబెట్టడానికి ఏమీ దొరక్క, కొట్టు ముందు చీర కట్టి నిలబెట్టే బొమ్మను పైకి మోసుకొచ్చి, దాని చేతికి జరీ అంచు ముక్కతో ఫోన్ కట్టాం. బొమ్మ వంగి చూస్తున్నట్టు ఉండేది. దాని కింద బల్లమీద కాగితం పెట్టి నేను రాసేదాన్ని. అందులో నా చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. మొహం కూడా కనిపించేట్టు పెట్టమన్నాను. పిల్లలు జడుసుకుంటారు, వద్దన్నాడు మా తమ్ముడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ తర్వాత వాడు పది జిల్లాలకు పాఠాలు పంపినా, మంత్రిగారితో ఫోటో దిగినా, నాకు ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

బొమ్మ ఊగుతుందని వాడు దాని నడుం పట్టుకుని నిలబడేవాడు. అలా నిలబడ్డ మొదటి రోజే, భిన్నాల భాగహారం చెబుతుంటే మధ్యలో నోరు తెరిచాడు.

"అక్కా, ఉండు. అరని అరతో భాగిస్తే ఒకటి ఎట్లొస్తాది? చీర చింపేకొద్దీ పెద్దదయితాదా? అట్లయితే మనం కొత్త సరుకు తెప్పించేదే లేదు, కత్తెర ఉంటే సాలు."

నాకు ఒళ్లు మండింది. చీర చింపుతున్నావని అనుకోబాక, అర చీర బట్టలో అర చీర ముక్కలు ఎన్ని ఉంటాయో అడగతా ఉండాను, అన్నాను. వాడు మళ్లీ అదెట్లక్కా అన్నాడు. నేను కాగితం తీసి, పక్కనున్న రవికె గుడ్డ లాగి, మడిచి చూపించాను. అప్పటికి గాని వాడు తల ఊపలేదు. వీడియోలో ముక్క తీసెయ్యడం మా ఇద్దరికీ తెలియదు. అట్లాగే పంపేశాం.

మర్నాడు ఒక తల్లి వచ్చి, వాళ్లవాడికి కూడా అదే సందేహమంట, అడగడానికి సిగ్గుపడి ఇన్నాళ్లూ ఊరుకున్నాడంట అని చెప్పింది. రెండో పాఠం పంపినప్పుడు పిల్లలు లెక్క గురించి అడగలేదు. ఆ మామ మళ్లీ వస్తాడా అని అడిగారు. మొహం కనపడక, ఆ గొంతు మా తమ్ముడిదని పిల్లలెవరూ పోల్చుకోలేదు. వాళ్లే పెట్టుకున్నారు: అర్థం కాని మామ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తమ్ముడు నాటకం ఆడలేదు. వాడికి నిజంగానే అర్థం కాదు. పదో తరగతి లెక్కల్లో తప్పాడు, మళ్లీ కట్టి మళ్లీ తప్పాడు. బడిలో ఒకసారి సందేహం అడిగితే మాస్టారు బెంచీ మీద నిలబెట్టి, నీకు గల్లాపెట్టె ఉంది కదరా, లెక్కలెందుకు అన్నాడంట. అంతటితో అడగడం మానేశాడు. మా నాన్న కొట్లో కూర్చోబెట్టాడు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను, ఇంట్లో ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ మాస్టారిని నేను చూసుకునేదాన్ని. ఇప్పటికీ ఆయన బజారులో కనిపిస్తే నేను నమస్కారం పెట్టను.

బొమ్మ వెనకాల, మొహం కనపడని చోట, వాడికి మళ్లీ నోరు వచ్చింది. వాడు అడిగేకొద్దీ నేను ఒకే లెక్కను మూడు రకాలుగా చెప్పాల్సి వచ్చేది. బడిలో నా పిల్లలు ఒక్క సందేహం అడిగేవాళ్లు కాదు. నేను బాగా చెబుతున్నాను కాబట్టే అడగడం లేదని అన్నేళ్లూ అనుకున్నాను.

పాఠాలు తిరుత్తణి దాటాయి. పళ్లిపట్టు వైపు, నగరి వైపు, తెలుగు మాట్లాడే ఇళ్లన్నిటికీ ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి పోయాయి. తమిళం మాట్లాడే తల్లులు మాకూ కావాలన్నారు. మా తమ్ముడు వేరే బడుల నుంచి మాస్టర్లను పిలిపించాడు. సైన్సు వచ్చింది, ఇంగ్లీషు వచ్చింది. యాప్ చేసే కుర్రాళ్లు దొరికారు. మేడ చాలలేదు. తిరువళ్లూరు స్టేషన్ దగ్గర మందుల కొట్టు పైన ఒక పోర్షన్ తీసుకున్నారు, ఆ తర్వాత అద్దాలున్న మేడలో ఒక అంతస్తు. లెక్కల్లో తప్పినవాడికి ఈ తెలివి ఎక్కడిదని జనం అడగరు, ఎందుకంటే తప్పాడని జనానికి తెలియదు. నాకు తెలుసు. బట్టల కొట్లో మనిషి గుమ్మంలో నిలబడ్డ తీరు చూసి ఏ రంగు చీర తీయాలో వాడికి తెలిసేది. అదే తెలివి.

తిరువళ్లూరు ఆఫీసు ప్రారంభం రోజు నన్ను మూడో వరుసలో కూర్చోబెట్టారు. ముందు వరుసలో ఎవరెవరో ఉన్నారు. దీపం వెలిగించమని నన్ను పిలుస్తారని కొత్త పట్టుచీర కట్టుకుని పోయాను. పిలవలేదు. ఆ తర్వాత ఒకసారి పోతే గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయించి, మెడలో విజిటర్ అని ఉన్న తాడు వేశారు. ఆ తాడు వేసుకునే మా తమ్ముడి గదిలోకి పోయి, వాడు చూసేదాకా తీయలేదు. వాడు చూసి నవ్వాడు. లేచి వచ్చి తన చేతులతో తీసి, తన మెడలో వేసుకుని, ఆ పూటంతా దాంతోనే తిరిగాడు. వాడితో వచ్చే చిక్కు ఇదే, కోపాన్ని ఒక పట్టాన నిలవనివ్వడు.

మా తెలుగు లెక్కల పాఠాలు ఆ పెద్ద కంపెనీలో ఒక మూలకు చేరాయి. అయినా నడుస్తూనే ఉన్నాయి. మా తమ్ముడు బొమ్మ వెనక నిలబడడం మాత్రం మానేశాడు, తీరిక లేదన్నాడు. పాత పాఠాల్లో మాత్రం వాడి గొంతు అట్లాగే ఉంది. పిల్లలకు ఆ పాఠాలే ఇష్టం. ఆదివారం పొద్దున ఫోన్లోనే పిల్లలందరితో ఒక తరగతి నడుపుతాను, కొత్తవి చెప్పబోతే పాతవి పెట్టమంటారు.

అప్పుడు కంపెనీలోకి ఒక మేనేజరు వచ్చింది. చెన్నై అమ్మాయి, చురుకైనది, నాతో మర్యాదగానే మాట్లాడుతుంది. నేను చేసిన ఫిర్యాదులన్నిటికీ జవాబిచ్చిన మనిషి ఆ కంపెనీలో ఆమె ఒక్కతే. తెలుగు పాఠాలను బాగుచేసి చిత్తూరు, తిరుపతి వైపు కూడా ఇద్దామని మీటింగు పెట్టి నన్ను పిలిచింది. గోడమీద నా భిన్నాల పాఠం వేసింది. నా చెయ్యి, రవికె గుడ్డ, మధ్యలో మా తమ్ముడి గొంతు. కొంచెం కొంచెం తెలుగు తెలిసినా ఆ గొంతును ఆమె పోల్చుకోలేదు. ఆఫీసులో వాడు మాట్లాడేది తమిళం, అదీ తక్కువ.

పాఠం బాగుంది గాని చాలా పొడుగు, ఎవరో ఒకాయన మాటిమాటికీ అడ్డం వస్తున్నాడు, ఆయన్ను తీసేస్తే సగమవుతుంది, అందామె. ఆయన ఎవరో చెబితే ముందుగా ఒక మాట చెప్పి తీసేస్తామని కూడా అంది. అందరూ నావైపు చూశారు. నేను మా తమ్ముడి వైపు చూశాను. వాడు బల్లమీద నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు. తల ఎత్తకుండా, తీసేయండి అన్నాడు తమిళంలో.

బయట వరండాలో పట్టుకున్నాను.

"నిన్ను నువ్వే తీసెయ్యమంటావా?"

"సుమ్మా ఉండక్కా, ఊరుకో. వాళ్లంతా ఇంజనీర్లు. పదోది తప్పినోడు బడి పెట్టినాడని తెలిస్తే నా ముందర కూసుంటారా?"

"ఇన్నాళ్లూ కూసున్నారు కదా."

"తెలీక కూసున్నారు."

నాకు ఓదార్చడం చేతకాదు. నీ గొంతు తీసేసిన పాఠంలో నా గొంతు కూడా వద్దు, అని చెప్పి స్టేషనుకు వచ్చేశాను. అరక్కోణం మీదుగా పోయే బండిలో కిటికీ పక్కన కూర్చుని లెక్క వేసుకున్నాను: నా మొహం, మూడో వరుస, విజిటర్ తాడు. వాటిల్లో ఏదీ ఇంత నొప్పి పెట్టలేదు. అవన్నీ నాకు జరిగినవి. ఇది వాడికి వాడే చేసుకున్నాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఆ రోజు నుంచి వాడితో మాట్లాడడం మానేశాను. మాట్లాడకుండా ఉండడం నాకు బాగా వచ్చు. మా పెదనాన్న కూతురి పెళ్లిలో పసుపు నాకు ఆఖరున ఇచ్చారని వాళ్లింటికి ఇప్పటికీ పోను.

నా మాట ఎవరూ పట్టించుకోలేదు. కోసిన పాఠాలు వచ్చాయి. ఒకటి పెట్టుకుని విన్నాను. వాడి ప్రశ్నలు లేవు గాని నా జవాబులు కొన్ని మిగిలిపోయాయి. ఎవరూ ఏమీ అనకుండానే నేను ఉన్నట్టుండి, చీర చింపుతున్నావని అనుకోబాక, అని గాలిని కసురుకుంటున్నాను. పిల్లలు ఫిర్యాదు చేస్తారని ఎదురుచూశాను. ఒక్కరూ చేయలేదు. ఆదివారం తరగతిలో కూడా ఎవరూ ఏమీ అనకుండా, మామూలు కంటే నెమ్మదిగా, బుద్ధిగా కూర్చున్నారు. ఇంత తొందరగా మరిచిపోయారా అని ఆ పిల్లల మీద కూడా కోపం వచ్చింది.

తర్వాతి కృత్తిక రోజు సంగతి తెలిసింది. కృత్తిక వస్తే కొండమీది గుడికి జనం మొక్కులతో వస్తారు, తిరుత్తణి కొట్లలో ఊపిరాడదు. కావడి ఎత్తేవాళ్లకు పసుపు బట్టలు కావాలి. కంపెనీ ఎంత పెద్దదైనా ఆ రోజు మా తమ్ముడు కొట్లోనే ఉంటాడు. కొట్టు ఇప్పుడు చూసుకునేది వాడి భార్య, నా మరదలు. నేనూ సాయానికి పోయాను. వాడు ఒక మూల పంచలు మడతపెడుతున్నాడు. వాడితో ఏదైనా చెప్పాల్సి వస్తే మరదలికి చెబుతున్నాను, ఆమె వాడికి చెబుతోంది.

తామరైపాక్కం నుంచి వచ్చిన ఒకామె పసుపు చీర బేరం చేస్తూ నా గొంతు విని ఆగిపోయింది. ఫ్యాక్టరీ పనికి పోయే మనిషి, మెడలో ఇంకా అక్కడి గుర్తింపు కార్డు ఉంది. మీరు లెక్కల అక్క కదా అంది. వాళ్ల పాప నా పాఠాలే వింటుందంట. నాకు సంతోషమైంది. అంతలో ఆమె చీర కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"ఆ మామకి ఎట్ల జరిగిందక్కా?"

ఎవరికి అన్నాను.

"అర్థం కాని మామకే. పోయినాడంట కదా. ఉన్నట్టుండి గొంతు లేకుండా పోతానే మా పాప కనిపెట్టేసినాది. అక్కని అడగబాకండి, ఏడుస్తాదని పిల్లోళ్లంతా మాట్లాడుకుని నోరు మూసుకుండారు. కొండమీద ఆయన పేరున దీపం పెడదామని వచ్చినా. పేరు తెలీదు. పేరేమక్కా?"

మా తమ్ముడి చేతిలో పంచ సగం మడతలో ఆగిపోయింది.

"ఆయన పెండ్లాం ఎట్లుండాదో, పావం," అంది ఆమె.

నా మరదలు గుడ్డ కత్తిరిస్తున్న కత్తెర కింద పెట్టింది.

"బాగానే ఉండాది. నేనే. ఇదో, మూల కూసోని పంచలు మడతపెడతా ఉండాడే, ఆయనే మీ మామ."

ఆమె నమ్మలేదు. దగ్గరికి పోయి పైకీ కిందికీ చూసింది. ఏదీ, ఒక మాట మాట్లాడు మామా అంది. కొట్లో ఉన్నవాళ్లందరూ చూస్తున్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చీరకి రవికె గుడ్డ కూడా కావాల్నామ్మా అన్నాడు, ఇంకేం అనాలో తెలియక. ఆ గొంతు వినగానే ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, బతికుండేవాడివి అట్ల మాయమైపోతే పిల్లోళ్లు ఏమనుకుంటారని వాడిని నిలబెట్టి చీవాట్లు పెట్టింది. ఆమె తిడుతుంటే వాడు తలవంచుకుని నిలబడ్డాడు. నాకు మాత్రం చాలా తృప్తిగా ఉంది.

జనం పలచబడ్డాక మరదలు వాడి మీద మొదలుపెట్టింది. ఆమెకు లెక్కలతో పని లేదు, కంపెనీతో పని లేదు. బతికున్న మొగుణ్ణి ఊరూరా చంపేశారు, తన గాజులకూ పూలకూ ఊరివాళ్లు జాలిపడే గతి పట్టించారు. ఆమెకు అదొక్కటే పట్టింది.

"ఆదివారం క్లాసులో నువ్వు నోరు తెరిచి మాట్లాడాల. లేకుంటే నేనే ఫోన్ ముందర కూసోని చెప్తా, నా మొగుడు ఉండాడని."

ఆఫీసువాళ్లకు తెలిసిపోతుందని వాడు గొణిగాడు. తెలిస్తే తెలవనీ అంది. వాడు చేతిలో పంచ మడిచి కట్టమీద పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"అక్కా, ఆదివారం ఏం పాఠం?"

నేను మాట్లాడకూడదనే అనుకున్నాను. కాని పాఠం గురించి అడిగితే చెప్పకుండా ఉండడం నావల్ల కాదు. సమీకరణాలు అన్నాను.

ఈసారి తరగతి ఆఫీసులోనే పెడదామన్నాడు వాడు. ఆదివారం పొద్దున బండికి ఇద్దరం కలిసే తిరువళ్లూరు పోయాం. ఆఫీసులో మేనేజరు, యాప్ పని చూసే ఇంజనీరు కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేను మైకు సర్దుకుంటుంటే అద్దం అవతల వాడు వాళ్లను పిలిచి ఏదో చెబుతున్నాడు. నాకు వినపడలేదు, వాడి చేతులు కనపడ్డాయి. బెంచీ ఎత్తు చూపించాడు. రెండు వేళ్లు చూపించాడు, రెండుసార్లు తప్పానని కాబోలు. వాళ్లల్లో ఎవరూ నవ్వలేదు. ఒకడు కుర్చీ తెచ్చి వేశాడు. తర్వాత మేనేజరు నాతో అంది, అయితే ఇన్నాళ్లూ నేను కోసింది మా సార్‌నా అని. పాతవన్నీ మళ్లీ పెట్టిస్తానంది. మధ్యలో ఖాళీలు మాత్రం తగ్గించాల్సిందే, అదీ అంది. నాకు నచ్చలేదు, ఆ సంగతి ఆమెకు చెప్పాను.

వాడు లోపలికి వచ్చి, కెమెరాకు కనపడని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తెరమీద పిల్లల పేర్లు వరసగా ఉన్నాయి. నేను సమీకరణం రాశాను, ఎడమవైపు ఉన్న ఐదును కుడివైపుకు తెచ్చాను, గుర్తు మార్చాను. ఆగాను. వాడు పలకలేదు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. నేను పెన్ను కింద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాను. పిల్లల తెరమీద నేను రాసిన కాగితం తప్ప ఏమీ లేదు.

"అక్కా, ఉండు," అన్నాడు చివరికి. "అవతలికి పోతానే ప్లస్సు మైనస్సు ఎందుకయిపోవాల? ఈ మాట అడిగినందుకే నన్ను బెంచీ ఎక్కించినారు."

ఒక్కసారిగా అందరి మైకులూ తెరుచుకున్నాయి. ఎవరు ఏమంటున్నారో తెలియని గోల. ఒక సన్న గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది, మామా, బతికే ఉండావా అని. ఉండాన్రా, ముందు పాఠం వినండి, అన్నాడు వాడు.

నేను తక్కెడ బొమ్మ గీశాను. రెండు తట్టలూ సమానంగా ఉన్నాయి, ఇటు ఐదు తీస్తే అటు కూడా ఐదు తీయాలి, గుర్తు దానంతట అది మారలేదు, మనం రెండువైపులా తీశాం, అని చెప్పాను. బాగానే చెప్పాను. వాడు స్టూలు ముందుకు జరుపుకుని తక్కెడ వైపు చూశాడు.

"ఇంకా అర్థం కాలాక్కా."

ఇంకో రకంగా చెప్పబోతుంటే ఒక అమ్మాయి గొంతు అడ్డం వచ్చింది.

"అక్కా, మీరు ఉండండి. మామా, నేను చెప్తా, ఇను."

ఆ పిల్ల ఇద్దరు అక్కచెల్లెళ్లకు సమానంగా జడలు వేసిన కథ చెప్పింది, ఒకదాని జడలోంచి పూలు తీస్తే రెండోదాని జడలోంచీ తీయాలంది. ఇంకొకడు అది తప్పని, షేర్ ఆటోలో రెండు పక్కలా మనుషులు కూర్చోవడం గురించి మొదలుపెట్టాడు. వాళ్లిద్దరికీ తగవు వచ్చింది. మూడో పిల్ల తీర్పు చెప్పింది. మామా, మామా అని అన్ని వైపుల నుంచీ పిలుపులే. తరగతి ముగిసేదాకా ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు. అన్నేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషిని, నా తరగతిలో, నా కాగితం ముందు నన్నే పక్కన కూర్చోబెట్టారు. ఇది కూడా నేను మరిచిపోను.

ఆఖరికి మా తమ్ముడు, అర్థమైపోయింది అన్నాడు. వాడి మొహం చూస్తే నాకు తెలుసు, ఈసారి నిజంగానే అర్థమైంది. పిల్లలు మాత్రం నమ్మలేదు. మొదటినుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు.